మృగరాజు ముఫాసా

రేడియో గల యింటివారికి ఒక సంగతిని వేఱుగా బోధింపనక్కఱలేదు. మనుష్యుని కంఠస్వరమునకు ఒక ఆకారము కలదు. వార్తలు చదువువారిని మనము కన్నులార చూచియుండము. ఐనను వారు పొడగరులనియో, నడివయస్సువారనియో, కండ్లజోడు ధరింతురనియో మన మనస్సు ఒక రూపమును కల్పించుకొనియే యుండును. ఏనాడైన వారు ఎదుటపడినచో “వీరేనా వారు!” అని విస్తుపోవుదుము. మనిషి రాకుండ మాట ఒక్కటియే గడప దాటి లోనికి వచ్చి, మనిషి చేయవలసిన పనిని చేసి పోవుచున్నది. మేమిప్పుడు వివరింపబూనిన మృగరాజు కథ యీ చిన్న సత్యము మీదనే నిలిచియున్నది.

ఆ మృగరాజు పేరు ముఫాసా. ఆతడు పుట్టినది అడవిలో కాదు. అమెరికాలోని వాల్ట్ డిస్నీ సంస్థవారి చిత్రశాలలో. 1994 జూన్ నెలలో ఆ సంస్థవారు “ది లయన్ కింగ్” అను బొమ్మల చలనచిత్రమును విడుదల చేసిరి. రోజర్ ఆలర్స్, రాబ్ మింకాఫ్ అనువారు దర్శకులు. చిత్రము నిడివి 88 నిమిషములు. ఆ సంవత్సరమున ప్రపంచమంతటను ఎక్కువ ధనము నార్జించిన చిత్రము అదియే. 1997లో జూలీ టేమర్ దర్శకత్వమున ఆ కథ న్యూయార్కులోని బ్రాడ్వే రంగస్థలము నెక్కెను. 2019లో, నిజమైన జంతువులను పోలిన కంప్యూటరు బొమ్మలతో, మరల చిత్రముగా తీయబడెను. 2024 డిసెంబరులో ముఫాసా పేరుతోనే ఆతని పూర్వకథ వెలువడెను. ఇన్నింటికిని మూలస్తంభమైన యీ రాజు, మొదటి చిత్రములో సగము కథ నడవక మునుపే మరణించును. ఐనను ఆ పాత్ర ముప్పది యేండ్లుగా పిల్లల మనస్సులలో నిలిచియున్నది. ఇది యెట్లు సాధ్యమైనదో పరిశీలింపదగియున్నది.

ముందుగా కథ. ఇది ఆఫ్రికా ఖండపు పచ్చికబయళ్ళలో నడచును. బొమ్మలు వేయుటకు ముందు చిత్రబృందములోని ముఖ్యులు కెన్యా దేశమునకు పోయి అచ్చటి నేలను, వెలుతురును కన్నులార చూచివచ్చిరి. పాత్రల పేర్లలో కొన్ని తూర్పు ఆఫ్రికాలో వాడుకలోనున్న స్వాహిలీ భాషలోనివి. ‘సింబా’ యనగా సింహము. ‘రఫీకి’ యనగా స్నేహితుడు. ముఫాసాకు సింబా యను కుమారుడు కలిగెను. దానితో రాజ్యము తనకిక దక్కదని తమ్ముడు స్కార్ లోలోపల కుమిలెను. దుమ్ములగొండ్లను చేరదీసి, సింబాను ఒక లోయలో నిలిపి, వైల్డ్‌బీస్ట్ అను అడవి పశువుల మందను ఆతని మీదికి తోలించెను. ముఫాసా ఆ మందలోనికి దుమికి కొడుకును గట్టునకు చేర్చెను. తాను కొండచఱియను పట్టుకొని పైకి ప్రాకుచుండగా, పైననున్న తమ్ముడు చేయూత నీయక, లోయలోనికి త్రోసివేసెను. అంతటితో ఆగక, శవము చెంత నేడ్చుచున్న పసివానితో “ఈ చావునకు నీవే కారణము” అను అర్థము వచ్చునట్లు పలికి, దేశము విడిచి పొమ్మనెను. సింబా పారిపోయి, పరుల పంచన పెరిగి పెద్దవాడై, తుదకు తిరిగివచ్చి పినతండ్రి నెదిరించి రాజ్యమును నిలుపుకొనెను. అన్నను చంపి రాజ్యమేలు తమ్ముడు, చనిపోయిన తండ్రి ఛాయారూపమున కనిపించుట, ఇవి షేక్స్పియరు రచించిన “హామ్లెట్” నాటకమును తలపించును.

మే మెఱిగిన యొక యింట ఆఱేండ్ల బాలుడు ఈ చిత్రమును చూచెను. ఆ రాత్రి అన్నము కంచము ముందు కూర్చుండి, ముద్ద నోట పెట్టక, “నాన్నా, ముఫాసా అంత తెలివైనవాడు గదా, మరి ఎందుకు చచ్చిపోయాడు?” అని యడిగెను. తండ్రి “అది ఉత్త బొమ్మల కథరా, అన్నం తిను” అని తప్పించుకొనెను. బాలుడు అన్నము తినెను గాని, మూడు దినములు తండ్రి కచేరికి పోవునప్పుడు గుమ్మము దాక వెంటబడి వచ్చెను. పిల్లవాడు వేసిన ప్రశ్న చిన్నది కాదు. దానికి సమాధానము చెప్పవలెననిన, ముఫాసా తెలివి యెట్టిదో ముందు చూడవలెను.

మన కథలలోని మృగరాజులు తెలివికి పేరుపడినవారు కారు. పంచతంత్రము నెఱిగిన తెలుగువారికి పింగళకుడు సుపరిచితుడు. 1853లో వెలువడిన చిన్నయసూరి “నీతిచంద్రిక”లో మిత్రభేదము చదివిన ప్రతివిద్యార్థియు ఆతని నెఱుగును. ఆ సింహము దాహమై నీటికి పోవుచు, సంజీవకుడను ఎద్దు వేసిన ఱంకెను విని అదరిపడెను. ఎన్నడును వినని ధ్వని యగుటచే ఆ ధ్వనికి తన మనస్సులో ఏదో ఘోరాకారమును కల్పించుకొనెను. భయపడెను గాని, భయపడినట్లు ఎవ్వరికిని చెప్పలేదు. ఆ దాచిన భయమును దమనకుడను నక్క పసికట్టెను. అదియే ఆ నక్కకు రాజు కొలువులో ప్రవేశద్వారమైనది. తుదకు ఆ నక్క మాటలు నమ్మియే రాజు తన మిత్రుని తానే చంపుకొనెను. ఇక నూతిలో తన నీడను చూచి, మఱియొక సింహమని భ్రమించి, దుమికి చచ్చిన సింహము కథ సరేసరి. మన కథలలో తెలివి సాధారణముగ కుందేటిదో, నక్కదో, కాకిదో అగును. బలము రాజుది, బుద్ధి చిన్నవారిది. రాజులకు బుద్ధి గఱపుటకే యేర్పడిన కథలు గనుక, అందలి రాజు తప్పులు చేయక తీరదు.

ముఫాసా దీనికి భిన్నముగ కల్పింపబడినాడు. ఆతడు బలవంతుడే గాని, ఆతని బుద్ధి బలమునకు కళ్ళెముగా నున్నది. మొదటి చిత్రములో ఒక ఘట్టము కలదు. తండ్రి వలదన్న చోటునకు, ఏనుగుల ఎముకలు పడియున్న శ్మశానమునకు, సింబా తన ధైర్యము చూపగోరి పోయి, దుమ్ములగొండ్ల నోట పడబోయెను. తండ్రి వచ్చి విడిపించెను. చీకటి పడుచుండగా తండ్రికొడుకులు ఒంటరిగ నిలిచిరి. సింబా నడచుచు, తండ్రి పాదముద్రలో తన చిన్న పాదమును పెట్టి, అది ఎంత పెద్దదో చూచుకొనెను. అప్పుడు ముఫాసా కొడుకును కోపించెను. కోపించిన పిమ్మట ఒక రహస్యము చెప్పెను. తాను ధైర్యము చూపునది తప్పనిసరియైనప్పుడే యనియు, ఈ దినమున తాను భయపడితిననియు, ఆ భయము కొడుకు పోవునేమో యను భయమనియు ఆ మాటల సారాంశము. రాజులకు కూడ భయము కలుగునా యని పిల్లవాడు ఆశ్చర్యపడెను.

పింగళకుడు దాచినదానిని ముఫాసా నోరార చెప్పెను. ఇద్దఱి నడుమ గల భేదమంతయు ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము. దాచిన భయము నక్కకు దారి యిచ్చినది. చెప్పిన భయము కొడుకునకు విద్యయైనది. ఇంటి పెద్దలు పిల్లల యెదుట భయమెఱుగనివారుగ కనబడవలెనని తలతురు. నీ కొఱకు భయపడితినని చెప్పిన తండ్రి, పిల్లవాని దృష్టిలో చిన్నవాడు కాడు. ఈ చిత్రము చూచిన పిల్లలకు తెలియనట్లే తెలియు పాఠమిది.

ముఫాసా చెప్పిన రెండవ పాఠము జీవచక్రమును గుఱించినది. సింహములు జింకలను తినును గదా, వానిని గౌరవించుట యెట్లని సింబాకు సందేహము కలిగెను. మనము చనిపోయిన పిమ్మట మన శరీరములు పచ్చికయగును, ఆ పచ్చికను జింకలు మేయును, కావున అందఱము ఒకే చక్రములోని వారమని తండ్రి వివరించెను. ఇది కేవలము కవికల్పన కాదు. టాంజానియా, కెన్యా దేశముల నడుమ ఏటేట పదిలక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్ పశువులు పచ్చికను వెదకుకొనుచు వలసపోవును. త్రోవలో మారా నదిని దాటునప్పుడు వేలకొలది మునిగి చచ్చును. 2017లో ప్రచురింపబడిన యొక పరిశోధనమున శాస్త్రజ్ఞులు ఆ కళేబరముల గతిని లెక్కవేసి చూచిరి. మాంసమును చేపలు, రాబందులు, మొసళ్ళు పంచుకొనును. ఎముకలు ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగ కరగుచు నదికి భాస్వరము నందించుచుండును. చిత్రములో ముఫాసా ప్రాణము తీసిన పశువులే, లోకములో తమ చావుచేత ఒక నదిని పోషించుచున్నవి.

ఐతే బొమ్మల చిత్రము ప్రకృతిశాస్త్ర గ్రంథము కాదు. కొన్ని విషయములలో అది సత్యమునకు దూరము. నిజమైన సింహముల గుంపునకు వెన్నెముక ఆడు సింహములు. అక్కచెల్లెండ్రు, తల్లులు, కూతుండ్రు కలసి జీవితమంతయు సాధారణముగ ఒకేచోట నుందురు. మగ సింహములు బయటినుండి వచ్చి, పెక్కుచోట్ల రెండు మూడేండ్లు మాత్రమే గుంపును కాపాడుకొని, బలవంతులైన వేఱు మగవానికి చోటు విడిచి పోవును. క్రొత్తగా వచ్చిన మగ సింహములు వెనుకటివాని పిల్లలను చంపుటయు కలదు. కాబట్టి వంశపారంపర్యపు సింహాసనము మనుష్యుల ఊహ. పసికూనకు పొంచియున్న యపాయము మాత్రము నిజము. దుమ్ములగొండ్లకు ఈ చిత్రము మఱింత అన్యాయము చేసినది. హాన్స్ క్రూక్ అను శాస్త్రజ్ఞుడు 1960 దశకమున తూర్పు ఆఫ్రికాలో రాత్రులు మేలుకొని వానిని గమనించి, మచ్చల దుమ్ములగొండ్లు తామే వేటాడి ఆహారము సంపాదించుకొనుననియు, కొన్ని చోట్ల సింహములే వాని వేటను లాగికొనుననియు నిరూపించెను. పిల్లలకు కథ ముగిసిన పిమ్మట ఈ మాట కూడ చెప్పుట న్యాయము.

ఇక కంఠస్వరము సంగతి. బొమ్మల చిత్రము తయారగు క్రమమును గుఱించి పలువురకు ఒక పొరపాటు అభిప్రాయము కలదు. ముందు బొమ్మ వేసి, తరువాత మాట చేర్తురని తలతురు. డిస్నీ చిత్రశాలలో పద్ధతి దీనికి విరుద్ధము. నటుడు ముందుగా గదిలో కూర్చుండి మాటలు పలుకును. ఆ ధ్వనిముద్రణను మరల మరల వినుచు చిత్రకారుడు బొమ్మలు వేయును. చలనచిత్రములో సెకనుకు 24 బొమ్మలు కదలవలెను. పెదవి కదలిక, కనుబొమ ముడి, మెడ త్రిప్పుట, ఇవి యన్నియు ఆ పలికిన తీరునుండి పుట్టును. ముఫాసా బొమ్మలను వేసిన బృందమునకు టోనీ ఫుసిలే నాయకుడు. చిత్రకారులు సజీవమైన సింహములను చిత్రశాలకు రప్పించుకొని, వాని నడకను, కండరముల పొంకమును చూచి వ్రాసికొనిరి. పశువుల మంద పరుగెత్తు ఘట్టమునకు మాత్రము చేతిబొమ్మలు చాలక కంప్యూటరును ఆశ్రయించిరి. రెండున్నర నిమిషములు నడచు ఆ ఘట్టమునకు రెండేండ్లకు పైగా పట్టినది.

ముఫాసాకు కంఠమిచ్చినవాడు జేమ్స్ ఎర్ల్ జోన్స్. ఆయన 1931లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున ఒక నల్లజాతి కుటుంబమున జన్మించెను. పుట్టిన కొలది కాలమునకే తండ్రి ఇల్లు విడిచిపోయెను. అమ్మమ్మ తాతలు మిషిగన్ రాష్ట్రమునకు తీసికొనిపోయి పెంచిరి. బాల్యముననే ఆయనకు నత్తి పట్టుకొనెను. తోటిపిల్లలు నవ్వుదురను సిగ్గుచేత రమారమి ఎనిమిదేండ్లు బడిలో నోరు మెదపక గడపెను. ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు ఈ మౌనబాలుడు రహస్యముగ పద్యములు వ్రాయుచున్నాడని కనిపెట్టి, వ్రాసినది నీదే యైనచో అందఱి యెదుట చదువుమనెను. చదివెను. పద్యము నడకలో నత్తి అడ్డుపడలేదు. అక్కడినుండి ఆయనకు మాట తిరిగివచ్చినది. నాటకరంగమున పేరు గడించి 1969లో టోనీ బహుమానము పొందెను. 1977లో “స్టార్ వార్స్” చిత్రమున ముసుగు ధరించిన డార్త్ వేడర్ పాత్రకు కంఠమిచ్చెను. ఆ పాత్రయందు ఆ కంఠము భయము పుట్టించినది. ముఫాసాయందు అదే కంఠము అభయమిచ్చినది. 2024 సెప్టెంబరులో, 93 యేండ్ల వయస్సున, ఆయన కాలధర్మము చెందెను. ఆ డిసెంబరులో వెలువడిన “ముఫాసా” చిత్రము ఆయనకు అంకితమైనది. తండ్రి నీడలేక పెరిగి, ఏండ్లకొలది మాటలేక గడపిన బాలుడు, లోకములోని పిల్లలకు తండ్రి కంఠముగ నిలిచినాడు.

సింహగర్జనమునందు ఉన్న గాంభీర్యమునకు కూడ శరీరశాస్త్రము కారణము చెప్పుచున్నది. నిజమైన సింహము గర్జించినచో నిశ్శబ్దమైన రాత్రి 8 కిలోమీటర్ల దూరము వరకు వినబడగలదు. 2011లో ప్రచురింపబడిన యొక అమెరికా పరిశోధనము ప్రకారము, సింహముల, పులుల స్వరతంత్రులు లోపలి క్రొవ్వు మూలమున చదరముగ, దృఢముగ నుండును. అందుచేత ఊపిరితిత్తులనుండి వచ్చు గాలి యెక్కువ శ్రమ లేకుండనే పెద్ద ధ్వనిగ మాఱును. గర్జనము కోపమునకు గుర్తని మనము తలతుము. సింహమునకు అది ముఖ్యముగ “నేనిచ్చట నున్నాను” అని తనవారికిని, పరులకును తెలుపుట.

తెలుగు ప్రేక్షకులకు ఈ కథ తెలుగు కంఠములతోనే చేరినది. 2019 చిత్రపు తెలుగు రూపములో ముఫాసాకు పి. రవిశంకర్, స్కార్‌కు జగపతిబాబు, పెరిగిన సింబాకు నాని మాటలు పలికిరి. పుంబా, టిమోన్ అను హాస్యపాత్రలకు బ్రహ్మానందము, అలీ కంఠమిచ్చిరి. 2024 చిత్రమున ముఫాసాకు మహేష్ బాబు పలికెను. మొదటి నటునికి లేని కష్టము అనువాద నటునికి కలదు. అక్కడ మాట వెంట బొమ్మ నడచినది. ఇక్కడ బొమ్మ వెంట మాట నడవవలెను. అప్పటికే కదలి యుండిన పెదవులకు తెలుగు మాటను అతికించుచు, అందులో తండ్రి మనస్సును నిలుపుట సామాన్యమైన పని కాదు. 2024 చిత్రములో ముఫాసా రాజవంశమున పుట్టినవాడు కాడు. వరదలో తల్లిదండ్రులకు దూరమైన అనాథ. ఆతని వివేకము వంశమునుండి కాక అనుభవమునుండి వచ్చినదని ఆ కథ యుద్దేశము.

ఇప్పుడు ఆఱేండ్ల బాలుని ప్రశ్నకు వత్తము. అంత తెలివైనవాడు ఎందుకు చనిపోయెను? తమ్మునికి తనపై అక్కసు కలదని ముఫాసా యెఱుగును. అది హత్యదాక పోవునని ఊహింపలేకపోయెను. ఇది నిజమైన పొరపాటే. కాని లోయలోనికి దిగుట పొరపాటు కాదు. అపాయమని తెలిసియే దిగెను, కొడుకు అందులో ఉన్నాడు గనుక. తెలివి చావును తప్పించు తాయెత్తు కాదని పిల్లవానికి మెల్లగ చెప్పవచ్చును.

దానికంటె ముఖ్యమైనది మఱియొకటి. ఈ కథలో సింబాను చెఱచినది తండ్రి చావు కాదు; ఆ చావు నీవలననే అన్న మాట. చిన్నపిల్లలు ఇంట ఎవరైన మరణించినప్పుడు, తాము అల్లరి చేసినందువలననో, కోపములో ఏదో అనుకొన్నందువలననో అట్లు జరిగినదని లోలోపల నమ్ముట కలదని బాలల మనస్తత్త్వ మెఱిగినవారు చెప్పుదురు. పిల్లలు ఆ సంగతి పైకి చెప్పరు. స్కార్ ఆ రహస్యపు భయమునే కంఠముగ మార్చి పలికెను. పసివాని చెంత “నీ తప్పేమియు లేదు” అని చెప్పు పెద్దవారు ఒక్కరును లేకపోయిరి. అందుచేతనే సింబా పెరిగి పెద్దవాడైనను, తన యింటికి పోవుటకు వెఱచెను.

ఆతనిని తిరిగి పిలిచినది మఱియొక కంఠము. రఫీకి యను వృద్ధ వానరము సింబాను ఒక నీటిమడుగు కడకు తీసికొనిపోయి, లోనికి చూడుమనెను. మొదట తన నీడయే కనబడెను. నిదానించి చూడగా అందులో తండ్రి ముఖము కనబడెను. తరువాత మబ్బులలో ముఫాసా ఆకారము తోచి, నీవెవ్వడవో మఱచితివన్న భావము గల మాటలు వినవచ్చెను. మన కథలోని సింహము నూతిలోని నీడను శత్రువనుకొని నశించెను. ఈ సింహము మడుగులోని నీడయందు తండ్రిని గుర్తించి బ్రదికెను.

ఈ చిత్రమును పిల్లలకు చూపవచ్చునా యని కొందఱు తల్లిదండ్రులు సంకోచింతురు. చూపవచ్చును, కాని పిల్లవానిని తెరముందు ఒంటరిగ విడువరాదు. లోయ ఘట్టము వచ్చునప్పుడు ప్రక్కన కూర్చుండవలెను. అడిగినచో సమాధానము చెప్పవలెను. అడుగనిచో కూడ ఒక మాట చెప్పవలెను, అది సింబా తప్పు కాదని. మే మెఱిగిన ఆ తండ్రి నాల్గవనాటి రాత్రి కొడుకును దగ్గఱకు తీసికొని, “ముఫాసా తెలివి తక్కువై చావలేదురా. కొడుకు లోయలో ఉంటే దిగకుండా ఎలా ఉంటాడు? సింబా తప్పేమీ లేదు” అని చెప్పెను. బాలుడు కొంతసేపు ఆలోచించి, “నువ్వూ దిగుతావా?” అని యడిగెను. “దిగుతాను” అని తండ్రి చెప్పెను. మఱునాటి ఉదయము తండ్రి కచేరికి పోవునప్పుడు పిల్లవాడు గుమ్మము వఱకు రాలేదు; లోపల ఆడుకొనుచు, “వెళ్ళిరా నాన్నా” అని అచ్చటినుండియే కేకవేసెను.